మాస్టర్ నడుము కొలత

మా వీధి దర్జీని అందరూ మాస్టర్ అంటారు. ముప్పై ఏళ్లుగా ఎన్ని నడుములు ఆయన టేపుకు లొంగాయో లెక్కలేదు. ఆయనకో ధర్మం ఉంది: ఎవరి నడుము కొలతా పైకి అనకూడదు. రసీదు మీద రెండంగుళాలు తక్కువ రాసి, గుడ్డ మాత్రం అసలు కొలతకే కత్తిరించేవాడు. ప్యాంటు సరిపోయినవాడు చిక్కిపోయానని మురుస్తూ వెళ్లేవాడు.

ఈ మర్యాద తనకూ జరిపించుకున్నాడు. ఏడాదికోసారి తన ప్యాంటు వెనక కుట్టు విప్పి అరంగుళం వదిలేవాడు. లెక్కకు మాత్రం ఆయన నడుము పెళ్లినాటి ముప్పై ఆరే.

ఒక మధ్యాహ్నం భోంచేసి మిషన్ ముందు కూర్చుంటే కుడి డొక్కలో మొదలైన నొప్పి భుజం దాకా పాకింది. గ్యాసని తీర్మానించాడు. మూడోసారి నొప్పితో పాటు వాంతి కూడా అయ్యేసరికి భార్య ఆ తీర్మానం కొట్టేసి ఆస్పత్రికి లాక్కెళ్లింది.

స్కానింగ్ గదిలో దీపాలు తగ్గించారు. తెర మీద బూడిదరంగు మబ్బు మెల్లగా కదిలింది. మాస్టర్ కళ్లు అరమూతలు పడ్డాయి. ఎంత విప్పినా తరగని మబ్బుగుడ్డ తానొకటి ఒళ్లో పరుచుకున్నట్టు, అందులో ఎవరో నాలుగు గుండీలు జారవిడిచినట్టు తోచింది. ఏరబోతే కదలొద్దన్నారు.

ఆ గుండీలు పిత్తాశయంలో రాళ్లనీ, మబ్బంతా కాలేయానికి పట్టిన కొవ్వనీ డాక్టరమ్మ చెప్పింది. చుక్క మందు ముట్టనివాడికి ఈ అపవాదేమిటన్నాడు మాస్టర్. పొట్ట పెరిగినా చాలంటూ ఆవిడ నడుమెంతని అడిగింది.

"ముప్పై ఆరు."

నర్సు కొలిచింది. నలభై మూడు.

"జనానికి చెప్పే అబద్ధం చివరికి మీరూ నమ్మేశారండీ," అంది భార్య.

రాళ్ల సంచి తీసేస్తామనీ, నడుము తగ్గకపోతే కాలేయం పాడవుతుందనీ డాక్టరమ్మ వివరించింది. "దానికి అతుకు వెయ్యలేం, మాస్టర్‌గారూ." రేపట్నుంచే ఉపవాసమన్నాడాయన. కడుపు మాడ్చుకుని గబగబా చిక్కినా కాలేయానికి చేటేనట, మెల్లగా తగ్గమంది.

ఆపరేషనయ్యాక మాస్టర్ రోజూ పొద్దున్నే పొగమంచులో నడిచాడు. వీధులు తెల్లగుడ్డ కప్పుకుని, ఎవరూ కత్తిరించనంత పొడుగ్గా సాగేవి. నూనె తగ్గింది, రెండో వడ్డన పోయింది.

మూడో నెలలో భార్య టేపు తీసింది. మాస్టర్ అందరిలాగే ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాక్కున్నాడు. ఆవిడ టేపు పట్టుకుని, కిటికీలోంచి వచ్చిపోయేవాళ్లను తీరిగ్గా చూస్తూ నిలబడింది.

చివరికి ఆయనే ఊపిరి వదిలాడు.

"నలభై ఒకటి," అంది పైకే.