మూతకు పెట్టిన చిల్లు

శనివారం మధ్యాహ్నం గిరాకీ లేని వేళ చూసి ఆమె ఖాళీ కూల్‌డ్రింకు డబ్బాను కత్తెరతో నిలువునా చీల్చింది. అందులోంచి తపాలా బిళ్ళంత రేకు ముక్క కత్తిరించి, గరుకు కాగితంతో పలచబడేదాకా రుద్ది, నడుమ సన్నసూదితో ఒక్క పోటు పొడిచింది. లెన్స్ తీసేసినప్పుడు కెమెరాకు బిగించే నల్ల మూత ఒకటుంటుంది. దానికి పొద్దున్నే పక్క కొట్టు తాళాలాయన చేత చిల్లు పెట్టించుకొచ్చింది. శుభ్రంగా ఉన్న మూతను అడిగి మరీ పాడుచేయించుకునే మనిషిని ఇప్పుడే చూస్తున్నానని అన్నాడాయన. ఆ చిల్లు మీద రేకు ముక్కను నల్లటేపుతో అతికించింది.

వీధిలో ఆమె పేరు కదలొద్దు మేడం. మెట్లకింద గదిలో పాస్‌పోర్టు ఫోటోలు, గుర్తింపు కార్డు ఫోటోలు తీస్తుంది. తెల్ల గోడ, స్టూలు, రెండు గొడుగు లైట్లు. గడ్డం దించండి, చెవులు కనపడాలి, నవ్వకండి, కదలొద్దు. పెళ్ళయి ఆ గదిలో అడుగుపెట్టిన నాటినుంచీ తీస్తున్నది ఒకటే ఫోటో, మొహాలే మారుతున్నాయి. లెన్స్ అక్కర్లేకుండా సూదిబెజ్జంతోనే బొమ్మ పడుతుందని ఫోన్‌లో ఏదో వీడియోలో ఎవరో చెప్పగా విన్నప్పటినుంచి ఆమె మనసు మనసులో లేదు.

చిక్కల్లా ఒకటే. కెమెరా ఆమె ఒక్కదానిది కాదు. మరిదీ ఆమే కలిసి కొన్నారు. వారమంతా స్టూడియోలో ఉంటుంది, ఆదివారాలు అతను పెళ్ళిళ్ళకు పట్టుకెళ్తాడు. కొన్నరోజునే షరతు పెట్టాడు: లెన్స్ విప్పడానికి వీల్లేదు, లోపల బొమ్మ పడే సెన్సర్ మీద దుమ్ము పడిందంటే కెమెరా మూలపడ్డట్టే. అది మూలపడితే రెండిళ్ళలోనూ పొయ్యిలో పిల్లి లేవదు.

అయినా విప్పింది. మూత బిగించి, కెమెరాను స్టాండు మీద నిలబెట్టి, గుమ్మం వెలుగులో బఠాణీలు ఒలుస్తున్న అత్తగారిని అరనిమిషం కదలకుండా కూర్చోమంది. అత్తగారు ఒప్పుకుంది కానీ ఆవిడ చేతులు ఒప్పుకోలేదు.

బొమ్మ పడింది. గుమ్మం, గోడ, ఆవిడ మొహం పల్చటి ఆవిరి వెనక ఉన్నట్టు మెత్తగా వచ్చాయి. ఒళ్ళో గిన్నె మీద చేతులు ఉండాల్సిన చోట తెల్లటి పొగలాంటిది తప్ప ఏమీ లేదు.

"నా చేతులేవమ్మాయ్?"

"కదిపారుగా అత్తయ్యా. కదిలిందల్లా మాయమైపోతుంది."

"అయితే మీ మామయ్యను కూర్చోబెట్టు. వెంట్రుకతో సహా పడతారు."

ఆ నవ్వు కంప్యూటర్లో బొమ్మను పెద్దది చేసేదాకానే. తెల్ల గోడ పొడుగునా ఆవాలు చల్లినట్టు నల్ల మచ్చలు. ఇంకోటి తీసింది. మచ్చలు అక్కడే, అలాగే ఉన్నాయి. రేకు రుద్దిన పొడి లోపల పడిందన్నమాట. తిరిగి లెన్స్ బిగించింది కానీ దాంతో ఒకటి తీసి చూసే ధైర్యం చాల్లేదు.

ఏమీ ఎరగనట్టు ఇచ్చెయ్యమంది అత్తగారు. వాడు మాత్రం చూడొచ్చాడా అంది. ఆమెకూ ఒక్క నిమిషం అదే మంచిదనిపించింది. తెల్లారితే పెళ్ళికూతురి నుదుటి మీద ఆ ఆవాలు పడతాయని గుర్తొచ్చాక మాత్రం మనసొప్పలేదు.

సాయంత్రం మరిది హెల్మెట్ తీయకముందే జరిగిందంతా చెప్పేసింది. అతను అరవలేదు. కస్టమర్లు కూర్చునే స్టూలు మీద కూలబడి కంప్యూటర్లో మచ్చలకేసి చూశాడు.

"ఇకనుంచి కెమెరా నా దగ్గరే ఉంటుందొదినా."

సరేనంది ఆమె. తీసుకెళ్ళేముందు ఒక్కసారి తెల్ల గోడను ఫోటో తీసి చూడమంది. తీశాడు. గోడ మల్లెపువ్వులా ఉంది. నమ్మకం కుదరక, వెలుగు వచ్చే దారిని లెన్స్‌లో పూర్తిగా సన్నం చేసి మళ్ళీ తీశాడు. అవే మచ్చలు, అవే చోట్ల, కాస్త పలచగా. దారి వెడల్పుగా ఉంటే దుమ్ము నీడ చెదిరిపోతుంది, సన్నబడేకొద్దీ తేలుతుంది. సూదిబెజ్జమైతే ఇక చెప్పక్కర్లేదు.

ఆమెకు అప్పుడు తట్టింది. కిందటి నెల మరిది తీసిన పెళ్ళి ఫోటోలు కంప్యూటర్లోనే ఉన్నాయి. మిట్టమధ్యాహ్నం ఎండలో, వెలుగు దారి సన్నం చేసి, చుట్టాలందరినీ వరసగా నిలబెట్టి తీసిన ఫోటో తెరిచి, సూదిబెజ్జం బొమ్మ పక్కన పెట్టింది. చుట్టాల తలల పైన ఆకాశంలో అవే ఆవాలు.

"నేనీ రేకు రుద్దింది ఇవాళ కదయ్యా?"

మరిది మెడ గోక్కున్నాడు.

"స్నేహితుడి పొడుగు లెన్స్ ఒకసారి పెట్టి చూశానొదినా. ఆ రోజు గాలి కాస్త ఎక్కువుంది."

"ఒక్కసారేనా?" అంది అత్తగారు గిన్నెలోంచి తలెత్తకుండా.

"రెండు మూడుసార్లు."

దారి వెడల్పుగానే ఉంచి తీయడంతో ఆదివారం పెళ్ళి ఫోటోలకు ఏ ఇబ్బందీ రాలేదు. సోమవారం స్టూడియో మూసి, ఇద్దరూ కలిసే వెళ్ళి సెన్సర్ తుడిపించుకొచ్చారు. కెమెరా మునుపటిలాగే వారమంతా ఆమె దగ్గరే ఉంటోంది. షరతు మాత్రం మారింది: ఎవరు లెన్స్ విప్పాలన్నా రెండోవాళ్ళను ముందు అడగాలి. పోయిన నెల మరిది పెళ్ళిళ్ళనుంచి నాలుగుసార్లు ఫోన్ చేశాడు. మూడోసారి ఆమె అక్కడ గాలి ఎలా ఉందని అడిగి, వద్దంది.