నా వేలు నాలుగు వరసల వెనక

నేను చదివింది ఐదో తరగతి. ఉత్తరం కూడా ఎప్పుడూ రాసింది లేదు. ఎక్కడైనా తప్పు రాస్తే మన్నించండి.

మాది మామిడికుదురు దగ్గర ఒక పల్లె. మా చర్చిలో ఆదివారం పిల్లలు వాక్యాలు కంఠతా పట్టుకొచ్చి అప్పజెబుతారు. పుస్తకం పట్టుకుని వినేది నేనే. ఒక్క ముక్క జారినా ఆపేస్తాను. "ఆంటీ కన్నా పాస్టరుగారే నయం" అని పిల్లలు గొణుక్కుంటారు. నిజం చెప్పాలంటే నేను పుస్తకం చూడను. ఆ వాక్యాలన్నీ చిన్నప్పటి నుంచి నాకు నోటికి వచ్చు. కళ్లు అక్షరాల మీద పెట్టి చెవులతో వింటాను. నిజంగా చదవమంటే కూడబలుక్కుని చదువుతాను, అదీ అక్షరాలు పెద్దవైతేనే. ఇంట్లో ప్రార్థనప్పుడూ నోటికి వచ్చిన అధ్యాయమే తీస్తాను. అందుకని మా అమ్మాయికి కూడా ఈ సంగతి తెలీదు. అమ్మకి చదువు బాగా వచ్చని అనుకుంటూ పెరిగింది.

తను మార్చిలో ఇంటర్ రెండో ఏడు పరీక్షల్లో కెమిస్ట్రీ ఒక్కటే తప్పింది. సప్లిమెంటరీలో అది గట్టెక్కితేనే నర్సింగులో చేరడానికి వీలవుతుంది. నర్సు అవుతానని ఎనిమిదో తరగతి నుంచీ అంటోంది.

పరీక్ష రోజు తెల్లారకముందే లేచి వాకిట్లో అటూ ఇటూ తిరుగుతూ చదివింది. నేను ఉప్మా దించేసరికి నోట్సు తెచ్చి నా చేతిలో పెట్టింది.

"అమ్మా, అమోనియా ఒక్కటే మిగిలింది. పట్టుకో, అప్పజెప్పేత్తాను."

"మీ కాలేజీ చదువులు నాకేం తెలుత్తాయే?"

"తెలుగులోనే రాసేను కదమ్మా. నీకేం తెలియక్కర్లేదు. చర్చిలో పిల్లలకి చూత్తావు కదా, అలా చూడు. ముక్క జారితే ఆపెయ్, అంతే."

నాకంత బేగా చదవడం రాదే అని అప్పుడే అనాల్సింది. మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ పెళ్లికి ఎదిగిన పిల్ల ముందు ఆ మాట అనడానికి సిగ్గేసింది. తడి చెయ్యి చీరకి తుడుచుకుని కూర్చున్నాను.

తను కళ్లు మూసుకుని మొదలుపెట్టింది. ఎంత వేగమో! దాని చేతిరాత చీమల బారులా ఉంది. మధ్యమధ్య ఇంగ్లీషు అక్షరాలు, వాటి కింద అంకెలు. వాటిని దాటేసి తెలుగు ముక్కల మీద వేలు జరుపుకుంటూ వెళ్లాను. ఉత్ప్రేరకం అనే మాట దగ్గర వేలు ఆగిపోయింది. దాన్ని కూడబలుక్కునేలోపు తను ఎక్కడికో వెళ్లిపోయింది. తను మొత్తం ముగించి కళ్లు తెరిచేసరికి నా వేలు ఇంకా నాలుగు వరసల వెనక ఉంది. ఆ నాలుగు వరసల్లోని మాటలేవీ తన నోట విన్నట్టు అనిపించలేదు. నేనే వెనకబడ్డానేమో అనుకున్నాను. తను వదిలేసిందేమో అని కూడా అనుకున్నాను. రెండూ అనుకున్నాను.

వీధిలో ఆటో హారను మోగింది. "ఏవండీ, రాజోలు దాకా ఎల్లాలండీ! అమ్మాయిగారు పరీక్షకి వత్తన్నారా, పెళ్లికి ముస్తాబవుతున్నారా?" అని డ్రైవరు కేక.

"సరిగ్గా చెప్పేనా అమ్మా?"

"ఆయ్, సరిగ్గానే ఉంది. ఒక్క ముక్క జారలేదు" అన్నాను.

ఆ రెండో మాట ఎందుకన్నానో నాకు ఇప్పటికీ తెలీదు. ఎవరూ అడగలేదు.

"నువ్వు సరే అంటే ఇంక ఢోకా లేదు" అని రెండు ముద్దలు తినేసి ఆటో ఎక్కింది. నేనూ కూడా వెళ్లాను.

పరీక్ష అయ్యాక గేటు దగ్గరికి నవ్వుకుంటూ వచ్చింది. "అమోనియానే వచ్చిందమ్మా! ఎనిమిది మార్కులది." తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో సరదాకి నోట్సు తీసింది. చూస్తూ చూస్తూ నవ్వు ఆపేసింది. పీడనం ఎంత ఉండాలో, వేడి ఎంత ఉండాలో, ఏ పొడి వెయ్యాలో, ఆ నాలుగు వరసలూ రాయలేదట. అవే ముఖ్యమట.

"పొద్దున్న నీకు అప్పజెప్పినప్పుడు వచ్చేయి కదమ్మా. ఒక్క ముక్క జారలేదన్నావు. రెండు గంటల్లో ఎలా మర్చిపోయేను?"

నేను రోడ్డు పక్క కొబ్బరి చెట్ల వంక చూస్తూ కూర్చున్నాను.

"నా బుర్రలో ఏదీ నిలవదు. మార్చిలోనూ ఇంతే అయ్యుంటాది" అంది.

మూడో రోజు తలకి గుడ్డ కట్టుకుని నాతో పాటు నేను పనిచేసే కొబ్బరి పీచు మిల్లుకి బయల్దేరింది. వద్దే అన్నాను. "నర్సింగంటే మందుల పేర్లు గుర్తుండాలమ్మా. మర్చిపోయి ఇంకో మందు ఇచ్చేనంటే మనిషి పోతాడు. నాలాంటి దానికి పీచే నయం" అంది. మిల్లులో తోటి ఆడవాళ్లు "చదువుకున్నమ్మగారు వచ్చేరండోయ్" అని ఆటపట్టిస్తే తనూ నవ్వింది. నేను పక్కనే పీచు ఎండబెడుతున్నాను. అప్పుడూ చెప్పలేదు. వారం కావచ్చింది.

తొమ్మిదో రోజు సాయంత్రం చేతులు కడుక్కుంటూ, ఇక మీదట పనిలోనే ఉండిపోతానని మిల్లు మేస్త్రీగారితో చెప్పమంది. ఇంక ఆగలేకపోయాను. నీళ్ల గోలెం దగ్గరే నిలబడి చెప్పేశాను. వెనకబడ్డాననీ, అనుమానం వచ్చిందనీ, అయినా సరిగ్గానే ఉందన్నాననీ.

తను లోపలికి వెళ్లి నోట్సు తెచ్చింది. ఆ నాలుగు వరసలూ చూపించి, "చదువమ్మా" అంది. చదివాను. ఎంతసేపు పట్టిందో. తను విసుక్కోకుండా ఆఖరిదాకా నిలబడి వింది.

"చదవడం రాకపోతే ఏమైందమ్మా? పక్కింటి పిన్నిని పిలుచుకునేదాన్ని." నోట్సు మూసేసి, "పరీక్ష పోతే పోయింది. తొమ్మిది రోజులు నన్ను నేను మొద్దుననుకుంటా ఉంటే, నువ్వు పక్కనే కూర్చుని ఎలా చూసేవు?" అంది.



మర్నాడు తను మిల్లుకి రాలేదు. కొన్నాళ్లకి ఫలితాలు వచ్చాయి, ఏవో మార్కులతో పాసైంది. నర్సింగుకి దరఖాస్తు కూడా పెట్టింది. పాసైంది కదా, ఇంకా ఎందుకు బాధ అంటారు మా ఆయన. తను నర్సింగు వదిలెయ్యాలనుకున్నది నా మాట నమ్మి. అది నా కళ్ల ముందు జరిగింది.

నాతో తను మామూలుగానే మాట్లాడుతోంది. కానీ ఏదైనా సరిగ్గా ఉందా అని ఇప్పుడు నన్ను అడగడం లేదు.