మరుగుజ్జుకు పూర్తి మంత్రం

హాల్లో టైల్స్ మీద పాచికలు టకటకమని దొర్లిన చప్పుడు. మా మనవడూ వాడి స్నేహితులూ సెలవు రోజున ఆడే మంత్రాల ఆట అది. "రాక్షసుడికి నిద్రమంత్రం ఎలా పడుతుందిరా, వాడి సైజు చూడు!" అని ఒకడు అరిచాడు. వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతున్న నా చెయ్యి ఆగిపోయింది. ఇలాంటి తగువే నేను డెబ్బయ్యో దశకం చివర్లో, పటాన్‌చెరులో, మా వరలక్ష్మి డాక్టరమ్మతో పడ్డాను. వీళ్ళకంటే గట్టిగానే అరిచాను కూడా.

సంగారెడ్డిలో మాది కిరాణా కొట్టు. ఆడపిల్ల నర్సు పని చేయడమేమిటని ఇంట్లో చాలా రోజులు నాతో ఎవరూ సరిగ్గా మాట్లాడలేదు. ఒక ఫ్యాక్టరీ దవాఖానాలో నన్ను చేర్చుకున్నది వరలక్ష్మి గారు. గుంటూరు వైపు మనిషి, గొంతు పెద్దది, వేళకు కాఫీ పడకపోతే మన పని అయిపోయినట్టే. అక్కడి పంటల పరిశోధన కేంద్రం నుంచి స్వదేశం వెళ్ళిపోతూ ఒక దొరసాని ఆవిడకి ఈ ఆట పుస్తకాలు ఇచ్చి పోయింది. ఒకరు కథ నడపాలి, మిగతావాళ్ళు అందులో వీరులు కావాలి, దెబ్బ తగిలిందో లేదో పాచికలు తేల్చాలి. ఆదివారం మధ్యాహ్నాలు ఆవిడ క్వార్టరు వరండాలో చేరేవాళ్ళం. కథ ఆవిడది. అంబులెన్సు డ్రైవరు యాదగిరి రాక్షసుడు, నేను మరుగుజ్జును. ఆ రకం పాచికలు మన దగ్గర ఎక్కడ దొరుకుతాయి? గవ్వలు వేసేవాళ్ళం.

ఒంటి సైజును బట్టే మంత్రం పట్టాలన్నది ఆవిడ నియమం. మరుగుజ్జును పడగొట్టే నిద్రమంత్రం రాక్షసుడికి ఒక ఆవలింత తెప్పిస్తుంది, అంతే. "మత్తుమందు లెక్కేనమ్మా, బరువును బట్టి డోసు" అనేది. ఒక ఆదివారం గుహలో పాము నా మరుగుజ్జును కాటేసింది. మా దగ్గర మిగిలింది ఒక్కటే విరుగుడు మంత్రం. "నాకు సగం చాలు మేడం, నేను గింతే ఉన్న కద! మిగిలింది యాదగిరన్నకు దాస్తం" అన్నాను, షావుకారు బిడ్డను కదా.

"నువ్వు చిన్నదానివని పాము విషం సగమే వదిలిందా? విరుగుడు కొలిచేది నిన్ను చూసి కాదే పిల్లా, విషాన్ని చూసి" అంది డాక్టరమ్మ.

"మత్తుకేమో పెయ్యి సైజు సూస్తిరి, గిప్పుడేమో విషం సూడాల్నా? గిదేం న్యాయం మేడం!" అని యాదగిరి నా తరఫున లేచాడు. ఆవిడ వింటేనా! నేను మూతి ముడుచుకుని, ఇక గవ్వలు ముట్టనని కూచున్నాను.

ఆ వానాకాలమే, కొత్త షెడ్డు కడుతున్న కూలీల పిల్లవాణ్ణి నాగుపాము కరిచింది. మూడేళ్ళు ఉంటాయేమో. యాదగిరి ఎత్తుకుని పరుగెత్తుకొచ్చేసరికే వాడి రెప్పలు వాలిపోతున్నాయి. పెద్దవాళ్ళకు ఎన్ని సీసాల మందు ఎక్కిస్తామో అన్నీ తియ్యమంది డాక్టరమ్మ. అది చూసి, వెంటే వచ్చిన తల్లి కొడుకును గుండెకు అదుముకుని గోడ మూలకు పోయింది.

"గన్ని మందులా? బుడ్డపోరడు, సచ్చిపోతడు! సగం ఇయ్యుండ్రి, మీ కాళ్ళు మొక్కుత."

డాక్టరమ్మ ఎంత చెప్పినా ఆమె చెవికెక్కలేదు. పిల్లవాడి ఊపిరి బరువెక్కుతున్నది. నేను ఆమె ముందు నేల మీద కూలబడ్డాను. "అక్కా, చిన్న పోరడని పాము జాలిపడ్డదా? పెద్దమనిషిని కరిచినట్టే కరిచె గద. అది ఎంత విషం పోసిందో గంత విషాన్ని చంపాలె. సగం మందిస్తే మిగిలిన విషం వీని లోపలనే ఉంటది." ఆమె నా మొహంలోకి చూసింది. చేతులు వదిలింది.

పొద్దుగూకే వేళకు వాడు కళ్ళు తెరిచి, "అవ్వా, ఆకలైతుంది" అన్నాడు తల్లితో. యాదగిరి భోరున ఏడ్చేశాడు. డాక్టరమ్మ కోసం చూస్తే వెనక కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటోంది, ఎంతకూ ఆపకుండా.

"ఇంత చిన్నవాడికి అంత మందు నేనెప్పుడూ ఇవ్వలేదే. చదివిందే గానీ చేసింది లేదు. భయంతో చచ్చాననుకో."

"మరి జెరంత తగ్గియ్యకపోయిన్రా?"

"భయం నాది. దాని కోసం వాడి మందు తగ్గిస్తే ఎలా?"

ఆవిడ ఇప్పుడు లేదు. ఆవిడను తలుచుకోని రోజు నాకు తక్కువ. కొన్నేళ్ళ తర్వాత నా భర్త హఠాత్తుగా పోయినప్పుడు మా అమ్మాయికి ఆరేళ్ళు. "నాయిన ఊరికి పోయిండని చెప్పు, చిన్నపిల్ల తట్టుకోదు" అన్నారు ఇంటిల్లిపాదీ. నిజం చెప్పే ధైర్యం లేక నాకూ అదే మేలనిపించింది. కానీ చిన్నపిల్ల అని దానికి సగం తండ్రే పోలేదు కదా. తలుపు దగ్గరగా వేసి, దాన్ని ఒళ్ళో కూచోబెట్టుకుని, అంతా చెప్పాను. ఏదీ దాచలేదు. అది ఎక్కిళ్ళు పెట్టి ఏడ్చింది. చాలాసేపటికి నా కొంగుతో మొహం తుడుచుకుని, "అమ్మా, నువ్వు కూడ ఏడువు" అంది.

అప్పటిదాకా నేను ఏడవలేదు.