చివరి స్టాపులో ఆరు నిమిషాలు

తొమ్మిదో నంబరు ట్రాలీబస్సు మా వీధి చివర ఆరు నిమిషాలు ఆగుతుంది. ఈ కిర్గిజ్ ఊరు అక్కడితో అయిపోతుంది. ఆ తర్వాత ఆప్రికాట్ తోటలు, వాటి వెనక కొండలు. ఏ ఊళ్లో ఉన్నా చివరి స్టాపు పక్కనే గది వెతుక్కునే అలవాటు నాది, బుద్ధి పుట్టినప్పుడు వెళ్లిపోవచ్చని. ఇక్కడికొచ్చి మాత్రం పంతొమ్మిదేళ్లయినా కదల్లేదు. స్టాపు పక్కనున్న టీకొట్టే కారణం కావచ్చు. ఆ కొట్టు బెంచీ మీద కూర్చుని, ట్రాలీబస్సు నడిపే బురుల్ పరుగు చూసేవాణ్ణి.

నలభై ఎనిమిదేళ్ల మనిషి, కాస్త భారీ మనిషి. బస్సు ఆగీ ఆగగానే డ్రైవరు తలుపు తెరుచుకుని దూకేది. తొంభై అడుగులు వేస్తే నీలం గేటు. లోపల భర్త అసన్‌కుల్ పడుకుని ఉంటాడు. ఇళ్లు కట్టే మేస్త్రీ. మూడేళ్ల కిందట పక్షవాతం వచ్చి ఒళ్లు పడిపోయింది, మాట మిగిలింది. రెండు గంటలకోసారి పక్కకు తిప్పకపోతే వీపు పుండవుతుంది. వెళ్లి, తిప్పి, తుడిచి, దిండు సర్ది, ఐదో నిమిషానికల్లా మళ్లీ స్టీరింగు ముందు ఉండేది. తొమ్మిదో నంబరు ఊరు చుట్టి రావడానికి గంటా యాభై నిమిషాలు. ఎవరో ఆమె కోసమే కొలిచి పెట్టినట్టుండేది.

కానీ ఆ రూటు ఆమెకు ఆరు వారాలకోసారే పడేది. మిగతా ఐదు వారాలూ ఊరికి అవతలి కొసన తిరిగేది. ఇంట్లో ఉన్నది ఎనభై రెండేళ్ల అత్తగారు. ఆవిడ నీళ్లు తాగించగలదు గాని మనిషిని తిప్పలేదు. జీతానికి కుదిరిన ఒకామె పది రోజులకే మానేసింది. పోనీ నేను తిప్పుతానన్నాను. అసన్‌కుల్ గోడకేసి చూస్తూ, "ఇటుకలు మోస్తానంటే మోయించుకునేవాణ్ణి ముసలాయనా. నన్ను మోయొద్దు," అన్నాడు. భార్య చెయ్యి తప్ప ఇంకో చెయ్యి ఒంటి మీద పడనిచ్చేవాడు కాదు. ఆకులు రాలే నాటికి వీపు మీద పుండు పడి, బొటనవేలు పట్టేంత లోతైంది.

డిపోలో తెల్లవారుజామున డ్యూటీ ఎక్కేముందు ప్రతి డ్రైవరూ నర్సు దగ్గర బీపీ చూపించుకోవాలి. నూట నలభై దాటితే ఆ రోజుకు బండి ఇవ్వరు. ఏడాదిలో మూడుసార్లు దాటితే వైద్య కమిటీ ముందు నిలబడాలి. కమిటీ తేల్చేదాకా స్టీరింగు ముట్టకూడదు, జీతం ఉండదు. పూర్వం ఈ దారుల్లో బిడారు నడిపేవాళ్లు పొద్దున్నే ఒంటెల పాదాలు చూసేవారని చదివాను. ఒంటెలు తోలే మనిషి పాదాలు చూసినట్టు ఏ పుస్తకంలోనూ కనబడలేదు. ఇక్కడ కనీసం మనిషిని చూస్తున్నారు. చూసి ఇంటికి పంపుతున్నారు, అంతే.

బురుల్‌కి అప్పటికే రెండుసార్లు దాటింది. మూడోది నవంబరులో, ఒక మంగళవారం. ఆ సంగతంతా డిపో నర్సు నెల్లీ ఖెగాయ్ తర్వాత ఈ బెంచీ మీదే కూర్చుని చెప్పింది. నెల్లీ కొరియా మనిషి. వాళ్ల తాతల కాలంలో కొరియా జనాన్నంతా అప్పటి సర్కారు రైళ్లకెక్కించి ఈ దేశాల్లో దింపేసింది.

"నూట అరవై రెండు," అంది నెల్లీ.

"ఇంకోసారి చూడు. మెట్లెక్కి వచ్చాను."

"మూడుసార్లు చూశాను అక్కా. మన డిపోలో మెట్లే లేవు."

"నూట ముప్పై ఎనిమిదని రాయి. నీ కాళ్లు పట్టుకుంటాను."

"నీ వెనక అరవై మంది కూర్చుంటారు. వాళ్ల కాళ్లు ఎవరు పట్టుకోవాలి?"

బురుల్ ఏడవలేదు. కుర్చీలోంచి లేవనూ లేదు. "బండి పోతే తిండి పోతుంది, మందులు పోతాయి. బండెక్కితే ఆయన వీపు పోతుంది. ఎటు తిరిగినా కుళ్లేది ఆయనే. నీకేది తోస్తే అది రాసుకో," అంది.

నెల్లీ ఉన్నదే రాసింది. రాసి, ఎందుకో పుస్తకం వెనక్కి తిప్పడం మొదలుపెట్టింది. పదకొండు నెలల పేజీలు. బురుల్‌కి తొమ్మిదో నంబరు పడిన వారాల్లో ఒక్క పొద్దున కూడా నూట ముప్పై దాటలేదు. మిగతా వారాల్లో బీపీ మాత్ర వేసుకుంటే నూట ముప్పై తొమ్మిది, మర్చిపోతే నూట యాభై. ఏ రూటో ముందు వారమే డ్యూటీ చార్టులో తెలిసిపోతుంది మరి, ఆ బెంగతోనే తెల్లారేది. పాతకాలం బుఖారా వైద్యులు రోగి నాడి పట్టుకుని ఊళ్ల పేర్లు, వీధుల పేర్లు ఒక్కొక్కటే చదివించేవారట. ఏ పేరు దగ్గర నాడి ఎగిరితే జబ్బు అక్కడుందని తేల్చేవారు. నెల్లీ ఆ కథ వినలేదు. పుస్తకం చంకన పెట్టుకుని మేనేజరు గదికి వెళ్లింది.

మేనేజరు తురాత్ చెడ్డవాడు కాడు. ముందున్నతను మంచి రూట్లన్నీ తన తెగవాళ్లకే పంచిపెట్టి, చివరికి గొడవై పోయాడు. తురాత్ రాగానే కిర్గిజ్, రష్యన్, దుంగాన్, ఉయ్‌గుర్ తేడా లేకుండా ఆరు రూట్లూ వారానికొకటి చొప్పున అందరికీ తిరిగేలా చార్టు వేసి, అద్దం కట్టించి గోడకు తగిలించాడు. బురుల్ పుట్టింది అతని తెగలోనే. తొమ్మిదో నంబరు తనకే ఉంచమని రెండుసార్లు వచ్చి అడిగింది. పరాయివాళ్లకు చెప్పినదానికంటే గట్టిగా కాదన్నాడు.

"పుస్తకం అర్థమైంది నెల్లీ సెర్గేయెవ్నా," అన్నాడు, తండ్రి పేరు కలిపి మర్యాదగా. "ఆమె దుంగాన్ల ఆడపడుచైతే ఈ క్షణమే రాసిద్దును. మా తెగ మనిషి. సాయంత్రానికల్లా నన్నూ పాత మేనేజరు లాంటివాడే అంటారు."

"అయితే మీ తెగలో పుట్టడం కూడా ఆమెకో జబ్బేనన్నమాట."

"అలా కాదు. అందరికీ ఒకటే కొలత."

"మా తాతవాళ్లని రైల్లోంచి దింపినప్పుడూ ఒకటే కొలత బైకే. ముసలాళ్లకీ, పాలు తాగే పిల్లలకీ. కొలతలో తప్పేం లేదు. పిల్లలే మిగల్లేదు."

బైకే అంటే అన్నగారనే. ఆ మాట ఆమె అంత చల్లగా అనడం అతను ఎప్పుడూ వినలేదు. పుస్తకం మూసి ఆమె చేతికిచ్చి, "నా నోట రాకూడదు. డ్రైవర్ల నోట వస్తే చూద్దాం," అన్నాడు.

నెల్లీ ముందు బురుల్‌ని అడిగింది, పుస్తకం నలుగురికీ చూపించనా అని. "చూపించు. ఇంకా దాచడానికేముంది," అంది బురుల్.

డ్రైవర్ల గదిలో దుంగాన్ ఇస్మార్ ఆ పేజీలు చదివి, బురుల్ వైపు తిరిగాడు. "మూడేళ్లుగా ఒకే కెటిల్లో టీ తాగుతున్నాం అక్కా. బ్రేకు గురించి చెప్పావు, మీ అత్తగారి గురక గురించి చెప్పావు. ఇది చెప్పలేదే."

"చెబితే ఏం చేసేవాడివి?"

"తొమ్మిది నీకిచ్చి, ఆ టీకొట్టు సమోసాలు పోయాయని ఏడ్చేవాణ్ణి." తొమ్మిది బురుల్‌కే ఇమ్మని నెల్లీ రాసిన కాగితం మీద సంతకం పెడుతూ అన్నాడు, "నాకూ శుక్రవారం నమాజుకి ఓ గంట కావాలి. సమానం అన్నారు కదా, నోరు మూసుకున్నాను."

రష్యన్ డ్రైవరు రిమ్మా, తన కొడుకును మాటలు నేర్పే బడి నుంచి మూడింటికి తెచ్చుకోవాలని అప్పుడే బయటపెట్టింది. ఒకతను మాత్రం, "మా ఆవిడకి తలనొప్పి, నాకూ ఓ రూటు రాయండి," అని నవ్వి వెళ్లిపోయాడు. మొత్తం పంతొమ్మిది సంతకాలు. నలుగురు పెట్టలేదు.

తురాత్ అద్దం విప్పించి, తొమ్మిదో నంబరు ఎదురుగా తన చేత్తోనే బురుల్ పేరు రాశాడు. శుక్రవారం గంటా, మూడింటి బడీ కూడా రాశాడు. నూట అరవై రెండుని మాత్రం ఎవరూ చెరపలేరు. అందుకని ఆమె పేరు కింద ఇంకో వరుస ఉంది: కమిటీ తేల్చేదాకా ఇస్మార్.

కమిటీకి ఇంకా పన్నెండు రోజులుంది. ఇంట్లో బంగాళాదుంపలు, నిరుటి జొన్నపిండి ఉన్నాయి. ఇస్మార్ చివరి స్టాపులో ఆగగానే ఒక్కసారి హారను కొడతాడు. గేటు దగ్గర నిలబడ్డ బురుల్ అది విని లోపలికి వెళ్లి అసన్‌కుల్‌ని పక్కకు తిప్పుతుంది. పుండు అంచులు ఎండుతున్నాయని చెప్పింది. ఆ తర్వాత బయటికొచ్చి అరుగు మీద కూర్చుని, నెల్లీ ఇచ్చిపోయిన బీపీ మిషను పట్టీ చేతికి చుట్టుకుంటుంది. బస్సు కదిలి వెళ్లేదాకా అంకె వైపు చూడదు.

నిన్న సాయంత్రం నూట నలభై ఒకటి.