బ్లాంకర్ తీసేసిన మధ్యాహ్నం

నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు. పదిహేనేళ్ళుగా లైసెన్సు తీసుకుని సరదాకి హామ్ రేడియో నడుపుతూ గాలిలో మాటలు వింటున్నాను గానీ, నాకే గాలీ సోకలేదు. కారణం లేని చప్పుడు ఉండదనేవాణ్ణి. కిందటేడు మిరప సీజన్ తర్వాత మాత్రం, హామ్‌నే అయినా, ఆ మాటకు హామీ ఇవ్వలేను.

మాది పర్చూరు దగ్గర పల్లె. మా పెరటి గోడ అవతల నా బావమరిది శ్రీను మిరప చేను, అందులో బోరు మోటారు. దాని స్టార్టరులో కాంటాక్టు దెబ్బతిని, మోటారు ఆడినంతసేపూ నా రిసీవర్లో టిక్కులు పడేవి. మూడు టిక్కులు, కాస్త ఆగి రెండు. ఆ వరస ఇంకే మోటారుకీ లేదు.

"మార్పించరా" అంటే, "మా మోటారు నీళ్ళు పోస్తోంది బావా, నీ రేడియో ఏం పోస్తోంది?" అనేవాడు. నేను నాయిస్ బ్లాంకర్ నొక్కుకునేవాణ్ణి. టిక్కు వచ్చిన క్షణానికి రిసీవరు చెవులు మూసే ఏర్పాటు అది. అలా మూడేళ్ళు శ్రీను మోటారు నోరు నొక్కాను.

ఆ రోజు మధ్యాహ్నం మూడు దాటింది. మార్టూరులో రాళ్ళ పాలిష్ యూనిట్ నడిపే నా స్నేహితుడు రేడియోలోకి వచ్చాడు. గొంతు ముక్కలవుతోంది. దగ్గర్నుంచి మరీ గట్టిగా వచ్చే మాటల్ని కూడా బ్లాంకర్ చప్పుడే అనుకుంటుంది.

"నీ బ్లాంకరు నన్ను బెండకాయలా తరుగుతోందిరా. తీసెయ్," అన్నాడు.

తీశాను. గొంతు శుభ్రంగా వచ్చింది. దాని వెనకే మూడు టిక్కులు, కాస్త ఆగి రెండు.

మా పొలాలకు త్రీఫేజు కరెంటు పొద్దున ఇచ్చి, మధ్యాహ్నానికి తీసేస్తారు. ఆ వేళప్పుడు మోటారు ఆడకూడదు. శ్రీను ఏదో దొంగ వైరు తగిలించాడనుకుని, నాలుగు తిడదామని చేలోకి వెళ్ళాను.

మోటారు ఆడటం లేదు. షెడ్డు పక్కన శ్రీను బోర్లా పడి ఉన్నాడు. నోట నురగ. పురుగుమందు కొట్టే డబ్బా ఇంకా వీపు మీదే ఉంది. మూతికి గుడ్డ లేదు.

ఆటోలో చిలకలూరిపేట తీసుకెళ్ళాం. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేవాడు కాదన్నారు డాక్టరుగారు.

మందు వాసన కొడుతున్న చొక్కా విప్పి నర్సు నా చేతికిచ్చింది. జేబు బరువుగా ఉంది. స్టార్టరు దగ్గరి పింగాణీ ఫ్యూజులు మూడూ అందులో ఉన్నాయి. అవి లేకుండా మోటారుకు కరెంటే అందదు. తను మందు కొడుతుండగా ఇంకెవరూ మోటారు వేయకుండా పొద్దున్నే పీకి జేబులో వేసుకున్నాడట.

పక్క చేల చప్పుడేమోనన్నాడు మార్టూరు స్నేహితుడు. కావచ్చు. వారం రోజులు చిన్న రేడియో పట్టుకుని చుట్టుపక్కల ప్రతి మోటారు దగ్గరా నిలబడ్డాను. పొలాల్లో నాకు పిచ్చోడనే పేరు దొరికింది గానీ, ఆ వరస దొరకలేదు.

శ్రీను కోలుకుని కొత్త స్టార్టరు పెట్టించాడు. ఇప్పుడా టిక్కులు రావు. ఆ రోజు ఎక్కణ్ణుంచి వచ్చాయో నాకిప్పటికీ తెలియదు.

బ్లాంకర్ మాత్రం మళ్ళీ నొక్కలేదు. హైవే మీద లారీలు, మిల్లులు, మోటార్లు అన్నీ చెవిలో పడుతుంటాయి. ఇంత గోలలో నా మాట ఎలా వింటున్నావురా అంటాడు మార్టూరు స్నేహితుడు. వినపడకపోతే మళ్ళీ చెప్పమంటాను.