ప్లీడరు ఏసుపాదం గారి ఒక్క ప్రశ్న

పాలకొల్లులో ప్లీడరు ఏసుపాదం గారి దగ్గరికి ఎవరు ఏ వ్యాపార ఒప్పందం రాయించుకోవడానికి వెళ్ళినా, ఆయన ముందుగా ఒక ప్రశ్న అడుగుతారు. "మీరు పోతే?" అని. ఊరికి పోతే అని కాదు, చచ్చిపోతే అని. అడిగి, టీలో పంచదార ఎంత వెయ్యమంటారని అడిగినంత మామూలుగా జవాబు కోసం చూస్తూ కూర్చుంటారు.

ముప్పై ఏళ్ళుగా ఇదే ప్రశ్న. కొబ్బరి వ్యాపారి ఒకాయన ముహూర్తం పెట్టించుకుని, కాగితాలకి నాలుగు మూలలా పసుపు రాయించుకుని వచ్చాడు. ప్రశ్న వినగానే ఆ కాగితాలు చంకలో పెట్టుకుని, అటునుంచి అటే తణుకు బస్సెక్కి అక్కడి ప్లీడరు దగ్గరికి వెళ్ళిపోయాడు. ఏసుపాదం గారు ఆదివారం వెళ్ళే చర్చి పాస్టరు గారు ఒకసారి చర్చి షాపు గదుల లీజు రాయించడానికి వచ్చారు. ఆయన్నీ వదల్లేదు. పోతే ప్రభువు దగ్గరికి వెళ్తానని పాస్టరు గారు ప్రశాంతంగా చెప్పారు.

"అది నాకు తెలుసండి. గదుల తాళాలు ఎవరి దగ్గరికి వెళ్తాయి?" అన్నారీయన.

ఈ ప్రశ్న వల్ల అందరికంటే ఎక్కువ నలిగిపోయింది ఆయన జూనియరు దుర్గాశ్రీ. విశాఖపట్నంలో లా చదివి, రెండేళ్ళ కిందట ఆయన దగ్గర చేరింది. వస్తూనే లాప్‌టాప్‌లో ఏఐ పెట్టింది. అంతకుముందు మూడు రోజులు పట్టే దస్తావేజు మూడు నిమిషాల్లో ముప్పై పేజీలై కూర్చునేది. అందులో ఏఐ ఎక్కడైనా లేని సెక్షను సృష్టిస్తే దుర్గాశ్రీ పట్టుకుని దిద్దేది. ఇక పార్టీలు సంతకాలు పెట్టి వెళ్ళడమే తరువాయి. సరిగ్గా ఆ సమయానికి ఏసుపాదం గారు కళ్ళజోడు పైకి తోసి నోరు తెరిచేవారు. పార్టీలు లేచిపోయేవారు. సార్ ఉద్దేశం అది కాదండీ అంటూ దుర్గాశ్రీ మెట్ల దాకా వాళ్ళ వెంటపడేది. సార్ ఉద్దేశం అచ్చంగా అదేనని వాళ్ళకీ తెలుసు, ఆమెకీ తెలుసు.

ఒకరోజు ఆమెకి ఓపిక అయిపోయింది. ఒక వ్యాపారి దస్తావేజులో పదిహేడో పేజీ తెరిచి ఆయన ముందు పెట్టింది. ఈ ఒప్పందం వారసులకు కూడా వర్తిస్తుందని ఇందులో శుభ్రంగా ఉంది కదా, మళ్ళీ నోటితో అడగడం దేనికని నిలదీసింది.

"వారసులు అని ఉంది. ఆ వ్యాపారి భార్య పేరేంటమ్మా?" అన్నారాయన.

ఆయన లాప్‌టాప్ తన వైపు లాక్కుని, ఒక్క వేలితో అక్షరం అక్షరం వెతుక్కుంటూ ఏఐని కూడా అదే అడిగారు. తను కంప్యూటర్ ప్రోగ్రామునని, తనకి మరణం ఉండదని అది చాలా మర్యాదగా చెప్పింది. మీ మనసుకేమైనా బాధగా ఉంటే దగ్గరివాళ్ళతో మాట్లాడండని ఆయనకే ధైర్యం చెప్పింది.

"చావు లేనిదానికి ఆ ప్రశ్న ఎలా తడుతుందమ్మా," అని ఆయన గంభీరంగా తల పంకించి, ఏదో మీట నొక్కి మొత్తం మూసేశారు. దాంతోపాటు దుర్గాశ్రీ ఉదయం నుంచి దిద్దిన దస్తావేజు కూడా పోయింది.

కిందటి శ్రావణంలో గంగరాజు, అబ్బులు అని ఇద్దరు స్నేహితులు వచ్చారు. రొయ్యల చెరువులకి ఐసు అమ్మడానికి నరసాపురం రోడ్డులో ఇద్దరూ కలిసి ఐసు ఫ్యాక్టరీ పెడుతున్నారు. భార్యలిద్దరూ బయట బల్ల మీద కూర్చున్నారు. ఏసుపాదం గారు అలవాటు ప్రకారం వాళ్ళని లోపలికి పిలిపించి, కుర్చీలు వేయించి, అప్పుడు అడిగారు.

శుభమా అని వస్తే ఇదేం మాటండీ అని గంగరాజు లేచి నిలబడ్డాడు. అబ్బులు మొహం మాడిపోయింది. అతని భార్య అచ్చాయమ్మ తల వంచుకుంది. ఏసుపాదం గారు మాత్రం బేరంలో కొంత తగ్గినట్టుగా, "పోనీ, మంచాన పడితే?" అన్నారు. దుర్గాశ్రీకి భూమిలోకి వెళ్ళిపోదామనిపించింది.

ఎలాగోలా బయటపడితే చాలనుకుని అబ్బులు, నేను లేకపోతే మా అచ్చాయమ్మే చూసుకుంటుందిలెండి అని గొణిగాడు. ఇంట్లో కూర్చుని చూసుకుంటుందా, ఫ్యాక్టరీలో మీ కుర్చీలో కూర్చుని చూసుకుంటుందా అని ఆయన ఆరా తీశారు. కుర్చీలోనేనండి బాబూ అన్నాడు అబ్బులు. అతను పోయినా, మంచాన పడినా అచ్చాయమ్మే కూర్చుంటుందని పేరుతో సహా నాలుగు వాక్యాలు రాయించి, గంగరాజు భార్య విషయంలోనూ అలాగే రాయించి, అప్పుడు సంతకాలకి వదిలారు. తెప్పించిన టీ కూడా తాగకుండా వాళ్ళు వెళ్ళిపోయారు. ఆ గడప తొక్కొద్దని గంగరాజు ఊరంతా చెప్పాడు.

మాఘమాసంలో అబ్బులు మోటారుసైకిలు కాలవగట్టు మీద జారింది. తుంటి ఎముక విరిగింది. నాలుగు నెలలు మంచం దిగకూడదన్నారు డాక్టర్లు. వారం తిరక్కుండా అబ్బులు కుర్చీలో గంగరాజు బావమరిది కూర్చున్నాడు. ఆడవాళ్ళకి ఐసు సంగతి ఏం తెలుస్తుందని గంగరాజు వాదన.

అచ్చాయమ్మ దస్తావేజు పట్టుకుని ఆఫీసుకి వచ్చేసరికి ఏసుపాదం గారు కోర్టుకి వెళ్ళారు. అందులో తన పేరు ఎక్కడుందో చూపించమని దుర్గాశ్రీని అడిగింది. చూపిస్తే దాని మీద వేలు ఆనించింది.

"ఈ మాట మా ఆయన్ని అడగాలని పన్నెండేళ్ళ నుంచీ ఉందండి నాకు," అంది. "ఎలా అడుగుతాను? మొగుడెప్పుడు పోతాడా అని చూస్తోందంటారు. అత్తగారంటారు, ఆడబడుచులంటారు. ఆ రోజు ప్లీడరు గారు అడిగేశారు. ఆ తిట్లన్నీ ఆయనే తిన్నారండి."

దుర్గాశ్రీ ఆమెని వెంటబెట్టుకుని ఫ్యాక్టరీకి వెళ్ళింది. గంగరాజు ఆ నాలుగు వాక్యాలూ రెండుసార్లు చదివాడు. కింద తన సంతకమే ఉంది. బావమరిది లేచాడు, అచ్చాయమ్మ కూర్చుంది.

సాయంత్రం దుర్గాశ్రీ అచ్చాయమ్మ అన్న మాటలన్నీ ఆయనకి చెప్పి, ఆడవాళ్ళు అడగలేరనే మీరు అడుగుతారా సార్ అంది. ఆయన కాగితాల్లోంచి తల ఎత్తలేదు.

"ఎవరో ఒకళ్ళు తినాలి కదమ్మా ఆ తిట్లు. నీ ఏఐ బాగానే రాస్తుంది. కానీ దాన్ని తిట్టుకుంటే ఎవరికి తృప్తి?"

నాలుగు నెలల తర్వాత అబ్బులు చేతికర్ర ఊపుకుంటూ ఆఫీసుకి వచ్చాడు. మనిషి మండిపోతున్నాడు. చెరువుల వాళ్ళందరూ అచ్చాయమ్మకే ఫోను చేస్తున్నారట. గంగరాజు కూడా ఆమెని అడక్కుండా ఒక్క లోడు కదలనివ్వడం లేదట. తను వెళ్ళి కుర్చీ పక్కన నిలబడితే, కాసేపు అలా బల్ల మీద కూర్చోండి, లారీ పంపించి మాట్లాడతానందట.

"పోతే రాశారు. మంచాన పడితే రాశారు. లేచొస్తే ఏంటన్నది ఎక్కడ రాశారండి?" అన్నాడు.

ఏసుపాదం గారు కళ్ళజోడు తీసి దుర్గాశ్రీ వైపు చూశారు. ఆమె అప్పటికే ముప్పై పేజీలూ తిరగేస్తోంది. ఎక్కడా లేదు. ఏఐకి తట్టలేదు, ఆమెకి తట్టలేదు, ముప్పై ఏళ్ళ సర్వీసులో ఆయనకీ తట్టలేదు. గడ్డం గోక్కుని, ఆఫీసుకి రావడానికి ఎప్పుడు వీలవుతుందో అచ్చాయమ్మ గారినే కనుక్కోమన్నారు.

దుర్గాశ్రీ ఫోను చేసింది. గురువారం లోడ్లు వెళ్ళాక వస్తానని, ఈలోగా ఆయన్ని మధ్యాహ్నం మాత్రలు వేసుకోమనండి, చొక్కా జేబులోనే పెట్టానని అచ్చాయమ్మ చెప్పింది.

అబ్బులు జేబు తడుముకున్నాడు. ఉన్నాయి. మంచినీళ్ళు ఇప్పించమన్నాడు.