జానెడు తగ్గించిన పెట్టె

చేతిల పని పక్కకు పెట్టి జర దగ్గరికి జరుగుండ్రి. గట్టిగ చెప్పుకునే ముచ్చట కాదిది. బడికి నేను రెండో తరగతి దాంకనే పోయిన. రాసుడు కష్టం గని, జరిగింది జరిగినట్టు యాదికుంటది.

మాది వరంగల్ల కొత్తవాడ. అప్పట్ల ఇంటింటికి మగ్గం ఉండేది. మేం నేసేది షతరంజీలు, అంటే పెండ్లిళ్ళల్ల, మీటింగులల్ల జనం కూసునేటందుకు కింద పరిచే మందం జంపుఖానాలు. మా మామ, మా ఆయన నాయిన, గుంట మగ్గం మనిషి. చిన్నప్పటిసంది కాళ్ళు గుంటల ఏలాడేసుకొని నేసి నేసి మోకాళ్ళు బిర్రుసుకపోయినయి. కింద కూసుంటే ముడుచుకునుడు రాదు, లేసుడు రాదు. అన్నం తినాల్నన్నా స్టూలు మీదనే.

మా ఆయన కొన్నేండ్లు లారీ తోలిండు. పందొమ్మిదొందల ఎనభయ్యో సాలు దాటినంక ఆయనకో ఆలోచన పుట్టింది. టోకున కొనే షేటుకు సరుకు ఏసుడెందుకు, మనమే ఓ బండి కొని, అండ్లనే వండుకొని, అండ్లనే పండుకొని, ఊరూరు తిరిగి అమ్ముకుందామన్నడు. మామ ఆ మాట విని మగ్గం ఆపి, "నేను గూడ వస్తరా. పుట్టిన కాడికెళ్ళి నేస్తాన, ఎవలు కూసుంటాండ్రో ఒక్కనాడు చూడలె," అన్నడు.

హన్మకొండ దిక్కు ఒక పాత బండ్ల షెడ్డుల రెండు చూసినం. ఒకటి బస్సు. మా ఆయన కండ్లు దానిమీదనే పడ్డయి. "మన గల్లీల తిరుగుతదా?" అని అడిగిన. తల గోక్కున్నడు. రెండోది సరుకుల వ్యాను. లోపలికెక్కి నిలబడ్డ. కొప్పు పైకి తాకలేదు, చేతులు చాపితే రెండు దిక్కుల రేకు అందింది. ఇదే అన్న. టైర్లు, ఇంజను ఆయన చూసుకున్నడు. నేనైతే వాన నీళ్ళు కారిన మరకలున్నయా అని మూలమూల చూసిన.

ఇంటి ముంగట పెట్టి పని మొదలుపెట్టినం. కట్టె పని చేసే వడ్లాయన మా వాడకట్టోడే, నేను అన్నా అంటుంటి, మా ఆయన బావా అంటుండె. స్టవ్వు జారకుంట చుట్టూ కట్టె అంచు కొట్టిండు. నీళ్ళ డ్రమ్ముకు కింద నల్లా పెట్టిచ్చినం. ఎండకు రేకు కాలకుంట లోపల పైకి పాత షతరంజీ బిగించినం. గిన్నెలకు కొక్కాలు. కిటికీకి నా పాత చీర పరద.

వాడకట్టు ఆడోళ్ళు వచ్చి చూసుడు, నవ్వుడు. "అక్కా, నీ ఇల్లు ఎటు మొఖమే? పొద్దుగాల తూర్పు, మాపటికి పడమరనా?"

వడ్లాయన అయితే, "బావా, చెల్లె అలిగి పుట్టింటికి పోతనంటే ఎట్ల? ఇల్లే ఎంబడి పోతదాయె!"

"నువ్వు చెక్కలు కొట్టు బావా, ముచ్చట్లు కొట్టకు," అనె మా ఆయన.

పెద్ద పని ఒక్కటే మిగిలింది. ఒక పక్క పొడుగూతా కట్టె పెట్టె. లోపల సరుకు, మీద మామ కూసునుడు, పండుకునుడు. మా ఆయన కొలత చెప్పిండు: కాళ్ళు ఏలాడేటట్టు, మోకాలెత్తు.

ఇగో, ఇక్కడ్నే నేను తప్పు చేసిన.

మా ఇంట్ల మామ ముంగట కోడలు కూసోదు. పెండ్లై ఎనిమిదేండ్లు, ఆయన ఇంట్లుంటే నేను గోడకు ఆనుకొని నిలబడుడే. ఇంట్ల అంటే వంటింట్లకు పోయి కూసుంట. బండిల ఏడికి పోవాలె? ఊర్లకు ఊర్లు నిలబడే పోవాల్నా? ఇంకో మాట గూడ చెప్తున్న, ఇప్పుడు సిగ్గెందుకు. మా ఆయనతోని నేను ఏ ఊరూ పోలేదు. ఒక్క తిరుగుడన్న మేమిద్దరమే పోవాలని ఉండె.

మా ఆయన రంగులకు బజారు పోయిన పూట వడ్లాయన కాడికి పోయి, "అన్నా, పెట్టె జానెడు తగ్గియ్యి. మీద సరుకు పెట్టేటందుకు ఇంకో చెక్క పడుతది," అన్న.

"పెద్దాయన మోకాళ్ళకు చాలదేమో చెల్లె."

"మామ వస్తలేడు. రానన్నడు."

అంత సులువుగ వచ్చింది అబద్ధం. ఆయన నమ్మి రంపం అందుకున్నడు.

పయనం నాడు మామ ధోతి ఉతుక్కొని, తువ్వాల భుజానేసుకొని ఎక్కిండు. పెట్టె మీద కూసున్నడు. మోకాళ్ళు గదుమ కాడికొచ్చినయి. తల మీది చెక్కకు తాకింది. "పొదిగిన కోడి లెక్కున్న గదరా," అని నవ్విండు. రెండు నిమిషాలకే మొఖం తెల్లబడ్డది. దింపేటప్పుడు పట్టుకుంటే కాళ్ళు వణుకుతున్నయి.

ఆఖరి మేకులు కొట్టేటందుకు వచ్చి అక్కడనే ఉన్న వడ్లాయన మీద పడ్డడు మా ఆయన. "కొలత చెప్పిన గదా! చెవులున్నయా నీకు?" వాడకట్టంత వింటాంది. వడ్లాయన నా దిక్కు చూసిండు. నేను డ్రమ్ము మూత సరిచేసుకుంట తల వంచుకున్న. ఆయన నా పేరు బయటపెట్టకుంటనే పనిముట్ల సంచి సంకకేసుకొని పోయిండు. మళ్ళ మా గడప తొక్కలే.

"వచ్చే తాపకు వస్త తియ్యి, మీరు పోయిరాండ్రి," అన్నడు మామ.

రఘునాథపల్లి దాటేదాంక నేను ఎనుకకు తిరిగి చూసుకుంటనే ఉన్న. సిద్దిపేట, కరీంనగర్, జగిత్యాల తిరిగినం. నేను కోరుకున్నట్టే ఇద్దరమే. దర్జాగ కూసున్న. అన్నం మాత్రం సగం పళ్ళెంలనే ఇడిసిపెడుతుంటి.

తిరిగొచ్చినంక మా ఆయన బయటికి పోయింది చూసి మామకు చెప్పేసిన. నిలబడే చెప్పిన, ఏడ్చుకుంట చెప్పిన. మామ దారం పోగు ముడేస్తున్నడు, ఆపలే.

"తెలుసు బిడ్డా. నేను బువ్వ తినే స్టూలుకు నా ఎత్తు చూసి కాళ్ళు కోయించింది నువ్వే. కోసింది గా వడ్లాయననే. మీ ఇద్దరికి నా కొలత తెల్వదా?"

"మరి ఆనాడు ఎందుకు చెప్పలే మామా?"

"చెప్తే వాడు నిన్ను తిడుతుండె." పోగు ముడి చూసుకొని మళ్ళ అన్నడు. "నాతోని ఒక్క మాటంటే నేనే ఉందును గదమ్మా ఇంట్ల."

ఇంకో వడ్లాయనను పిలిచి పెట్టె ఎత్తు చేయించిన. ప్రతి తాప అడిగిన: "మామా, ఈసారన్న రా." ఆయన కోపంతోని కాదు, సక్కగ నవ్వుకుంటనే, "మీరిద్దరు పోయిరాండ్రి బిడ్డా," అనేటోడు. ఆ మాట మెత్తగ అన్నకొద్ది నాకు ఎక్కువ తాకేది. ఆయన పోయేదాంక ఆ బండి ఎక్కలే.

వడ్లాయన ఇంటికి గూడ పోయిన. "పోనీ చెల్లె," అన్నడు గని, మంచినీళ్ళు తాగుమని అనలే. మా ఆయనకైతే చెప్పలే. రోజూ రేపనుకున్న. వడ్లాయన మంచోడు కాదనే అనుకుంట మా ఆయన గూడ కాలంజేసిండు.

చెప్పిన, బరువు మాత్రం దిగలే. మీరన్న ఇంట్ల మనసుల ఉన్న మాట ఆ పూటనే ఒకలకొకలు చెప్పుకోండ్రి. మీ ఇండ్లు సల్లగుండాలె, మీ పెద్దోళ్ళ కాళ్ళు సక్కగుండాలె, మీ కోడండ్లు నిమ్మళంగ కూసొని ఇంత బువ్వ తినాలె.